దుంపకి తోడు

ఇంట్లో ఎవరికైనా సుగర్ అని తేలగానే, లేదా బరువు తగ్గమని డాక్టరు గట్టిగా చెప్పగానే మొదటి వేటు బంగాళాదుంప మీద పడుతుంది. అన్నం కొలత తగ్గిస్తారు, మిఠాయిలు పండగ రోజులకి వాయిదా వేస్తారు. దుంపని మాత్రం గడప తొక్కనివ్వరు. మా ఇంట్లోనూ అంతే అయింది. మావారి రక్తపరీక్ష కాగితం చూసిన దగ్గర్నుంచి మా కూరల సంచీలోకి దుంపలు రావడం మానేశాయి. ఆయన అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది. ఒక మనిషి ఇష్టంగా తినే వస్తువుని కంచంలోంచి పూర్తిగా తీసేస్తే ఆరోగ్యం ఎంత బాగుపడుతుందో గానీ, భోజనాల దగ్గర మాటలు మాత్రం తగ్గిపోతాయి.

వంటని తేలిక చెయ్యాలంటే మనకి అలవాటైన దారి తీసెయ్యడమే. నూనె తీసెయ్యి, ఉప్పు తీసెయ్యి, చివరికి ఆ వస్తువునే తీసెయ్యి. ఇంకో దారి కూడా ఉంది. దాని పక్కన మరొకదాన్ని చేర్చడం. గిన్నెడు దుంపముద్దలో సగం దుంప, సగం కూరగాయలు ఉన్నాయనుకోండి. గిన్నె నిండుగానే ఉంటుంది, తిన్నవాళ్ళకి తిన్న తృప్తీ ఉంటుంది, దుంప పాలు మాత్రం సగానికి దిగుతుంది. చలిదేశాల రైతు ఇళ్ళల్లో తరతరాలుగా చేస్తున్న పని ఇది. నేను నేర్చుకున్నది హాలండ్‌లో, మా అమ్మాయి దగ్గర ఉన్న ఒక చలికాలంలో.

ముందు దుంప మీదున్న అభియోగం సంగతి చూద్దాం. ఉడికిన బంగాళాదుంప 100 గ్రాములకి దాదాపు 87 కేలరీలు. ఉడికిన తెల్లన్నం 100 గ్రాములకి 130 దాకా ఉంటాయి. దుంపలో ముప్పాతిక వంతుకి పైగా నీరే. పొటాషియం ఉంది, సి విటమిన్ ఉంది, తొక్కతో తింటే పీచూ ఉంది. దాని మీద మనం పోసేవే దాన్ని బరువెక్కిస్తాయి. వెన్న 100 గ్రాములకి 717 కేలరీలు. ఫ్రాన్స్‌లో జోయెల్ రోబుషోన్ అనే మహా వంటగాడు ఉండేవాడు, 2018లో పోయాడు. ఎన్నెన్ని వంటలు చేసినా లోకం ఆయన్ని ఎక్కువగా తలుచుకునేది మెదిపిన బంగాళాదుంపతోనే. ఆయన పుస్తకంలో ఇచ్చిన కొలత కిలో దుంపలకి పావుకిలో వెన్న, పావు లీటరు పాలు. ఒకసారి లెక్క వేసి చూడండి. కిలో ఉడికిన దుంపల్లో ఉన్నది 870 కేలరీలైతే ఆ పావుకిలో వెన్నలోనే 1,790 ఉన్నాయి. దుంప కంటే దాని మీది వెన్న రెండింతలు. ఆ వంటని నేను తక్కువ చెయ్యడం లేదు. ఎప్పుడో ఒకసారి తినే విందు వంట అది. రోజూ కంచంలోకి వచ్చేది మరోలా ఉండాలి.

అలాగని దుంప తప్పేమీ లేదనీ అనను. దాని పిండి త్వరగా అరుగుతుంది, రక్తంలో చక్కెర త్వరగా పైకి లేస్తుంది. ముక్కగా తిన్నప్పటికన్నా మెదిపి తిన్నప్పుడు ఆ వేగం ఇంకా ఎక్కువ. అందుకే సుగర్ ఉన్నవాళ్ళ కంచంలో దుంప పాలు తగ్గాలి, పీచు పాలు పెరగాలి. కూరగాయలు కలిపిన ముద్దలో ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి.

మా అమ్మాయి వాళ్ళుండేది లైడెన్ అనే ఊరికి దగ్గర్లో. అక్కడ ఏటా అక్టోబరు 3న ఊరంతా పండగ. 1574లో స్పెయిన్ సైన్యం లైడెన్‌ని నెలల తరబడి ముట్టడించింది. కోటలోపల తిండి లేక, జబ్బులు చుట్టుకుని వేలమంది పోయారు. చివరికి స్పెయిన్ మీద తిరుగుబాటుకి నాయకుడైన విలియం ఆఫ్ ఆరెంజ్ పక్షంవాళ్ళు కట్టలు తెంచి, పచ్చటి పొలాల మీదికి నీళ్ళు వదిలి, ఆ నీళ్ళ మీద పడవల్లో ఊరిదాకా వచ్చారు. ముంచుకొస్తున్న నీళ్ళు చూసి స్పెయిన్ సైనికులు రాత్రికి రాత్రే వెళ్ళిపోయారు. తెల్లారి కొర్నేలిస్ అనే కుర్రాడు ఖాళీ అయిన శిబిరంలోకి వెళ్తే అక్కడ కుండెడు కూర మిగిలి ఉందట. క్యారెట్లు, ఉల్లిపాయలు, పార్స్‌నిప్ అనే తెల్లటి తియ్యని వేరుదుంప, మాంసం కలిపి ఉడికించిన కూర. ఆ కుండే ఇది అని చెప్పే లోహపు కుండ ఒకటి ఇప్పటికీ ఆ ఊరి లాకన్‌హాల్ మ్యూజియంలో ఉంది. పడవల్లో వచ్చినవాళ్ళు ఆకలితో ఉన్న జనానికి హెర్రింగ్ చేపలు, తెల్లరొట్టె పంచారు. నేటికీ ఆ రోజున ఊళ్ళో చేపా రొట్టే పంచుతారు, ఇళ్ళల్లో హుట్స్‌పొట్ వండుతారు. క్యారెట్, ఉల్లిపాయ, బంగాళాదుంప కలిపి ఉడికించి మెదిపిన ముద్ద అది.

ఈ కథలో నన్ను పట్టుకుని వదలనిది ఒకటుంది. 1574 నాటి ఆ కుండలో బంగాళాదుంప లేదు. ఉండే వీల్లేదు. అప్పటికి ఆ దేశంలో దాన్ని కూరగా తినేవాళ్ళే లేరు. దుంపని ఆ ఊరితో కలిపినవాళ్ళలో ముఖ్యుడు కరోలుస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. హాలండ్ ట్యూలిప్ పూల కథ చెప్పేవాళ్ళంతా ఈయన పేరుతోనే మొదలుపెడతారు. 1588లో ఈయనకి ఎవరో పెద్దమనిషి రెండు బంగాళాదుంపలు పంపాడు. 1593లో ఈయన లైడెన్ వచ్చి విశ్వవిద్యాలయానికి తోట వేయించాడు. 1601లో అచ్చయిన తన గ్రంథంలో బంగాళాదుంప మొక్కని వివరంగా వర్ణించాడు. ఆ తోట ఇవాళ్టికీ ఉంది. మా అమ్మాయి తీసుకెళ్ళి చూపిస్తే నేను పూల దగ్గర కన్నా ఈ కథ దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను. తోటలో వింత మొక్కగా ఉన్న దుంప మామూలు జనం కంచంలోకి దిగడానికి ఇంకో వందేళ్ళకి పైనే పట్టింది. దిగాక చవక కాబట్టి, కడుపు నింపుతుంది కాబట్టి, కుండలో ముందునుంచీ ఉన్నవాటిని పక్కకి జరిపి మధ్యలో కూర్చుంది. దుంపముద్దలో కూరగాయలు కలపడం ఇప్పటి ఆరోగ్య చిట్కా అనుకుంటాం గానీ జరిగిన వరస అది కాదు. ముందు కూరగాయల ముద్ద ఉంది, దుంప తర్వాత వచ్చి అందులో చేరింది.

మా అమ్మాయి వాళ్ళ పక్కింటి పెద్దావిడ హుట్స్‌పొట్ చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె. చలికాలం క్యారెట్లు ఒక్కొక్కటీ మన ముల్లంగంత లావున్నాయి. వాటిని పెద్ద ముక్కలుగా కోసి అడుగున పరిచింది. వాటి మీద దాదాపు అంతకంత ఉల్లిపాయలు. అన్నిటికన్నా పైన తొక్క తీసి నాలుగేసి ముక్కలు చేసిన దుంపలు. నీళ్ళు ముక్కలన్నీ మునిగేలా పొయ్యలేదు, సగం దాకానే పోసింది. కాస్త ఉప్పు వేసి మూత పెట్టింది. క్యారెట్ ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి అది నీళ్ళలో ఉంటుంది, దుంప పైన ఆవిరికి ఉడుకుతుంది. నీళ్ళలో నానకపోతే దుంప తనలోకి నీరు పీల్చుకోదు.

ఉడికాక మిగిలిన నీళ్ళని ఒక గ్లాసులోకి వంచి పక్కన పెట్టుకుంది. గిన్నెని మళ్ళీ సన్నమంట మీద పెట్టి, మూత తీసేసి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కుదిపింది. ముందు తడిగా, తెల్లగా లేచిన ఆవిరి క్రమంగా పలచబడింది. దుంపల అంచులు పిండి రాలినట్టు గరుకుగా అయ్యాయి. అప్పుడు మంట తీసేసి, వంకీలు తిరిగిన కమ్మీ అడుగున్న కర్రపిడి స్టాంపర్‌తో నొక్కడం మొదలుపెట్టింది. కలపలేదు, గిలకొట్టలేదు. పైనుంచి కిందికి నొక్కి, ఎత్తి, పక్కన నొక్కింది, అంతే. ముద్దంతా ఒకే రంగులోకి రాకముందే ఆపేసింది. లేత నారింజ రంగు ముద్దలో అక్కడక్కడా క్యారెట్ ముక్కలు ముక్కలుగానే కనబడుతున్నాయి. "ఇంకా మెత్తగా చెయ్యరా?" అని అడిగితే, పళ్ళకి కూడా ఏదో పని ఉండాలి కదా అంది. గ్లాసులో నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి ముద్ద జారు సరిచేసింది. చిన్న వెన్నముక్క, మిరియాల పొడి. కంచంలో గుట్టగా పెట్టి, గరిటె వెనక భాగంతో మధ్యలో గుంట చేసింది. వాళ్ళయితే ఆ గుంటలో మాంసం రసం పోసుకుంటారు. నేను తిననని నా గుంటలో వేయించిన ఉల్లిపాయలు వేసి, పక్కన ఆవాల ముద్ద పెట్టింది. మొదటి ముద్దలోనే క్యారెట్ తీపి, దాని వెనక ఉల్లి, ఆవ ఘాటు వరసగా తెలిశాయి. దుంప వాటన్నిటినీ పట్టి ఉంచింది. తన రుచి మాత్రం పెద్దగా పైకి రానివ్వలేదు.

వాళ్ళకి ఇలాంటి ముద్దలు చాలా ఉన్నాయి. అన్నిటినీ కలిపి స్టాంప్‌పొట్ అంటారు. ఒకదాంట్లో మంచు పడ్డాక కోసిన ముదురు కేల్ ఆకు, ఒకదాంట్లో పులియబెట్టిన క్యాబేజీ. నాకు అన్నిటికన్నా నచ్చింది ఎండైవ్ అనే కాస్త చేదాకుతో చేసేది. ఆకుని సన్నగా తరిగి, ఉడికించకుండా పచ్చిదాన్నే పొగలు కక్కే ముద్దలో కలుపుతారు. ఆ వేడికి ఆకు సగం మాత్రమే వాడుతుంది. మెత్తని ముద్ద మధ్య కరకరలాడే ఆకు తగులుతుంది.

ఆ దేశంలోనే ఐంధోవెన్ పక్కన న్యూనెన్ అని చిన్న ఊరుంది. విన్సెంట్ వాన్ గో 1885లో అక్కడే తన 'బంగాళాదుంపలు తినేవాళ్ళు' బొమ్మ వేశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరున ఉన్న మ్యూజియంలో అది ఉంది. వేలాడే ఒక దీపం కింద అయిదుగురు. మధ్యలో పొగలు వచ్చే దుంపల పళ్ళెం, ఒకామె కప్పుల్లోకి కాఫీ పోస్తోంది. చాలాసేపు చూశాక నాకు తట్టింది ఆ బల్ల మీద లేని వాటి సంగతి. ఆకు లేదు, క్యారెట్ లేదు, ఉల్లిపాయ లేదు. దుంప ఒక్కటే. పేదరికాన్ని వాన్ గో ఆ మొహాల్లోనూ చేతుల్లోనూ ఎలాగూ చూపించాడు. వంట చేసే దానిగా నాకు అది పళ్ళెంలో కూడా కనబడింది.

ఐర్లండ్‌లో దుంపకి తోడు లేని ఆ ఒంటరితనం మనుషుల ప్రాణాల మీదికే వచ్చింది. పేదలు పొద్దున్నా రాత్రీ దుంప మీదే బతికే రోజుల్లో, 1845లో దుంప పంటకి తెగులు సోకింది. తర్వాతి కొన్నేళ్ళలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది దేశం వదిలి వెళ్ళారు. పాలకుల నిర్లక్ష్యం కూడా ఆ చావులకి కారణమే, దాన్ని మరవకూడదు. ఆ దేశంలోనే దుంపలో క్యాబేజీ గానీ కేల్ గానీ కలిపి చేసే కోల్‌కానన్ ఉంది, పాలలో వేడిచేసిన ఉల్లికాడలు కలిపే చాంప్ ఉంది. రెండూ ఇవాళ్టికీ ఇష్టంగా చేసుకుంటారు. పెరట్లో దొరికిన ఆకునల్లా దుంపలో కలుపుకున్న ఆ ఇల్లాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

హాలండ్‌లో ఆ ముద్దలు చూస్తున్నంతసేపూ నాకు మన కందా బచ్చలికూరే గుర్తొచ్చింది. గోదావరి జిల్లాల పెళ్ళి భోజనాల్లో అది లేకపోతే వెలితి. కంద బరువైన దుంప, బచ్చలి నీటి ఆకు. రెంటినీ కలిపి ఉడికించి, మెదిపి, చింతపండు పులుసు పోసి, దించాక ఆవ పెడతాం. కంద దురదని చింతపండు విరుస్తుంది, కంద బరువుని బచ్చలి తగ్గిస్తుంది. తోటకూర పప్పు, గోంగూర పప్పు కూడా అదే తోవ. పప్పు ఒక్కటే తింటే బరువని ఆకుతో కలిపి పప్పుగుత్తితో మెదిపిన చేతులు మనవి. అలాంటి మన వంటింట్లో కూడా బంగాళాదుంపకి మాత్రం తోడు దొరకలేదు. అది ఆలస్యంగా, విదేశీ ఓడల్లో వచ్చింది. వచ్చీరాగానే వేపుడైంది, పూరీ కూరైంది, బజ్జీ అయింది. ఎప్పుడు చూసినా నూనెతోనే ఉంది, ఆకుతో కలిసింది తక్కువ.

హైదరాబాదు వచ్చాక నా పద్ధతి నేను కుదుర్చుకున్నాను. స్టాంపర్ కొనలేదు, పప్పుగుత్తి చాలు.

దుంప ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది. చలికాలంలో మాకు జహీరాబాదు వైపు నుంచి కొత్త దుంపలు వస్తాయి. తక్కిన రోజుల్లో ఉత్తరాది నుంచి, ముఖ్యంగా ఆగ్రా నుంచి, కోల్డ్ స్టోరేజీ దుంపలు. కొత్త దుంపలో నీరెక్కువ, పిండి తక్కువ. పులుసులో ముక్క విడవకుండా ఉంటుంది, మెదిపితే సాగుతుంది. పిండి దుంప ఉడికితే పగిలి పొడిపొడిగా రాలుతుంది, ముద్దకి అదే కావాలి. తేడా పోల్చలేకపోతే ఒక కప్పు ఉప్పుని పదకొండు కప్పుల నీళ్ళలో కరిగించి దుంప వేసి చూడండి. పిండి దుంప మునుగుతుంది, నీటి దుంప తేలుతుంది. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి లోపలి పిండి చక్కెరగా మారి కూర తియ్యగా అయిపోతుంది.

అరకిలో దుంపలకి 300 గ్రాముల క్యారెట్, 200 గ్రాముల కాలీఫ్లవర్ నా కొలత. దుంపల్ని తొక్కతోనే కుక్కర్‌లో ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే వలుస్తాను. కాలీఫ్లవర్‌ని నీళ్ళలో వెయ్యను, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెడతాను. కూరగాయల ముద్దకి శత్రువు నీరే. నీళ్ళలో ఉడికిన కాలీఫ్లవర్ ఎంత పిండినా తడి వదలదు, ముద్దని పలచన చేసి రుచిని చప్పబరుస్తుంది. ఆవిరి మీద ఉడికాక కూడా మూకుట్లో రెండు నిమిషాలు వట్టిగా వేడిచేస్తాను. క్యారెట్‌ని కాస్త ఉప్పుతో, అడుగంటనంత నీళ్ళలో, మూతపెట్టి మగ్గనిస్తాను.

ఇక మెదపడం. దుంప లోపల పిండి కంటికి కనబడని చిన్న చిన్న కణాల్లో ఉంటుంది. పెక్టిన్ అనే జిగురు ఆ కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. ఉడికినప్పుడు ఆ జిగురు కరిగి కణాలు విడివడతాయి. పప్పుగుత్తితో నెమ్మదిగా నొక్కితే కణాలు చిట్లకుండా పక్కకి జరుగుతాయి, ముద్ద గుల్లగా ఉంటుంది. మిక్సీలో వేస్తే బ్లేడు కణాల్ని కోసేస్తుంది. లోపలి ఉడికిన పిండి బయటికి కారి మైదా ఉడికించినట్టు బంకగా సాగుతుంది. ఆ బంకని ఎంత వెన్న పోసినా బాగుచెయ్యలేం. క్యారెట్‌లోనూ కాలీఫ్లవర్‌లోనూ పిండి తక్కువ కాబట్టి వాటిని మిక్సీ వేసినా ఏమీ కాదు. మరీ మెత్తగా కావాలనుకుంటే వాటిని విడిగా మిక్సీ వేసుకుని, గుత్తితో మెదిపిన దుంపలో కలుపుకోవచ్చు.

మీగడ బదులు నేను వాడేది చిక్కటి మజ్జిగ. హాలండ్‌లోనూ మజ్జిగ పోసి చేసే దుంపముద్ద ఉంది, ఐర్లండ్ పేదలు దుంపతో పాటు తాగిందీ మజ్జిగే. పొయ్యి మీద ఉండగా పోస్తే విరుగుతుంది, దించి కాస్త వేడి తగ్గాక పొయ్యాలి. ఆ పులుపు ఉంటే ఉప్పు కూడా తక్కువ పడుతుంది. చివర్లో గుప్పెడు పాలకూరో, లేత మెంతికూరో సన్నగా తరిగి వేడి ముద్దలో కలుపుతాను. తోటకూర అయితే విడిగా మగ్గించి వెయ్యాలి, పచ్చిది గట్టిగా ఉంటుంది. వెన్న రెండు పెద్ద చెంచాలు. పోపు పెట్టాలనిపించిన రోజు ఆ వెన్న మానేసి, చెంచా నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు. వెన్నా పోపూ రెండూ పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది. వెన్నతో చేసినప్పుడు మొత్తం గిన్నెకి 820 కేలరీల దాకా అవుతాయి. రోబుషోన్ గారి కొలతతో చేసిన కిలో దుంపల గిన్నెలో 2,600కి పైనే.

మొదటిసారి కంచంలో వడ్డించినప్పుడు మావారు గుర్తుపట్టేశారు.

"ఏమిటోయ్, మళ్ళీ దుంపలు తెప్పించావా?"

"సగమే దుంపండీ. తక్కినదంతా కూరగాయలే."

ఇంకో ముద్ద తిని, "ఈ సగం చాలు" అన్నారు. ఆ తర్వాత ఆ కూర గురించీ, చిన్నప్పుడు వాళ్ళమ్మగారు చేసిన పూరీల గురించీ చాలాసేపు మాట్లాడారు. తిన్న రెండు గంటలకి సుగర్ కూడా చూసుకున్నాం, కంగారుపడేంత పెరగలేదు. అందరి ఒళ్ళూ ఒకలా ఉండవు కాబట్టి మీరూ అలాగే చూసుకుని తినండి.

ఈమధ్య దుంప అసలే లేకుండా కాలీఫ్లవర్ ఒక్కదానితోనే ముద్ద చేసి, దుంపముద్దలాగే ఉంటుందని చెప్తున్నారు. నేను ఒప్పుకోను. కాలీఫ్లవర్‌లో పిండి దాదాపు లేదు కాబట్టి ముద్దకి పట్టు రాదు. ఆ పట్టు కోసం మీగడో, చీజో చేరుస్తారు, తగ్గిద్దామనుకున్నది వెనక గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. పైగా తినేవాళ్ళకి మొదటి ముద్దకే తెలిసిపోతుంది. కాలీఫ్లవర్‌ని కాలీఫ్లవర్‌గా వండితే ఎంతో బాగుంటుంది, దాన్ని దుంప పేరుతో పెట్టడం రెంటికీ అన్యాయం. దుంప ఉండాలి, తక్కువ ఉండాలి. మూడో వంతు దుంప ఉన్నా ముద్ద నిలబడుతుందని నా అనుభవం.

మన భోజనం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. డచ్చివాళ్ళ కంచంలో ఈ ముద్దే అన్నం. దాంతో పాటు మరో పిండి వస్తువు ఉండదు. మనం దాన్ని కూర అనుకుని అన్నంలో కలుపుకుంటాం. అప్పుడు పిండి మీద పిండి తిన్నట్టే, కూరగాయలు ఎన్ని కలిపినా తేలిక కాదు. మా ఇంట్లో ఈ ముద్ద చేసిన రాత్రి అన్నం వండను. ముద్ద, గిన్నెడు పెసరకట్టు, ఏదో ఒక పచ్చి కూరగాయ ముక్కలు, నంజుకోవడానికి మాగాయ. తప్పనిసరిగా అన్నంలోకే కావాలంటే దుంప పావు వంతుకి తగ్గించి క్యాబేజీ, బీన్స్, ఆకుకూర పెంచుకోండి. అప్పుడది ముద్ద కూర అవుతుంది, ఇబ్బంది లేదు.

నమలలేని పెద్దవాళ్ళకీ, కూరగాయలు చూస్తే మొహం తిప్పుకునే పిల్లలకీ కూడా ఇది సులువుగా దిగుతుంది. మీ ఇంట్లో ఎవరి కంచంలోంచైనా దుంపని తీసేసి ఉంటే, వాళ్ళ డాక్టరుని ఒక మాట అడిగి, ఈ వారంలో ఒక రాత్రి సగం కూరగాయలతో ఈ ముద్ద చేసి పెట్టండి. ఆ పూట అన్నం మానెయ్యండి, దుంపని మాత్రం మిక్సీలో వెయ్యకండి.